ఆరోపణ వచ్చిన మంత్రి కుర్చీ దిగాలా వద్దా, నా మట్టుకు నేను చెప్పేది

ఏ రాష్ట్రంలోనైనా ఒక మంత్రి మీదో ఎమ్మెల్యే మీదో ఎవరైనా మహిళ లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసిందని వార్త రావడం ఆలస్యం, ప్రతిపక్షం వాళ్ళు వెంటనే రాజీనామా చెయ్యాలంటారు, అధికార పక్షం వాళ్ళు ఆరోపణే కదా ఇంకా రుజువు కాలేదు కదా, చట్టం తన పని తాను చేసుకుపోతుంది అంటారు. పక్క రాష్ట్రంలో ప్రభుత్వం వేరే పార్టీది అయితే అవే మాటలు అటువాళ్ళవి ఇటు, ఇటువాళ్ళవి అటు. రెండు మూడు రోజులు టీవీ డిబేట్లు నడుస్తాయి, తర్వాత ఇంకో వార్త వస్తుంది, ఫిర్యాదు చేసినావిడ ఏమైందో ఎవరికీ గుర్తుండదు. పార్టీ పేరు పక్కన పెట్టి దీని గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ, అందుకే రాస్తున్నా.

నేరం రుజువయ్యేదాకా నిర్దోషే అనే మాటని నేను పూర్తిగా నమ్ముతాను. అది లేకపోతే ఎవరినైనా ఎవరైనా జైల్లో వేయించేయొచ్చు. కానీ ఆ మాట ఉన్నది మనిషి స్వేచ్ఛని కాపాడటానికి, మంత్రి పదవిని కాపాడటానికి కాదు. మంత్రి పదవి ఎవరి సొంత ఆస్తీ కాదు, హక్కూ కాదు, నచ్చకపోతే ముఖ్యమంత్రి ఏ కారణం చెప్పకుండా తీసేయొచ్చు, కులాల లెక్క కుదరలేదనీ జిల్లాల లెక్క కుదరలేదనీ తీసేసిన రోజులు మనం ఎన్ని చూశాం. అలాంటి పదవి, ఒక మహిళ సంతకం పెట్టి ఫిర్యాదు ఇచ్చాక మాత్రం కోర్టు తీర్పు వచ్చేదాకా కదిలించకూడనిది ఎలా అయిపోతుందో నాకు అర్థం కాదు. అసలు అడగాల్సింది ఆయన తప్పు చేశాడా లేదా అని కాదు, అది తేల్చేవాళ్ళు వేరే ఉన్నారు. ఆయన ఆ కుర్చీలో ఉండగా తప్పు చేశాడో లేదో నిజాయితీగా తేల్చడం కుదురుతుందా? ఇదొక్కటే ప్రశ్న.

నేను పనిచేసే చోట, లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీలో కొంతకాలం మెంబర్‌గా ఉన్నాను. కేసుల వివరాలు బయటపెట్టకూడదు, చట్టం ఒప్పుకోదు, నేనూ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్తాను. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఒకమ్మాయి మెసేజ్‌ల ప్రింటవుట్లన్నీ ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని వచ్చింది, ఫోల్డర్‌ని టేబుల్ మీద పెట్టింది కానీ దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు, మా వైపు జరపనూ లేదు. మేము ఏదో ప్రొసీజర్ చెప్తుంటే మధ్యలో ఆపి అడిగింది, "మేడమ్, ఈ సంవత్సరం నా అప్రైజల్ కూడా ఆయనే రాస్తారా?" అని. రాయరు, వేరేవాళ్ళకి ఇస్తాం అని చెప్పాకే ఫోల్డర్ ఇటు జరిపింది. ఆయనకి ఏం శిక్ష వేస్తారని ఆ రోజు ఆ అమ్మాయి అడగనే లేదు.

ఆ మాట మేము ధైర్యంగా చెప్పగలిగామంటే మా గొప్ప కాదు, రూల్‌లో ఉంది. 2013లో వచ్చిన పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, దాన్నే అందరం పోష్ యాక్ట్ అంటాం, విచారణ నడుస్తుండగానే ఫిర్యాదుదారుని కానీ అవతలి మనిషిని కానీ వేరే చోటికి మార్చొచ్చు అంటుంది, ఆమె పనితీరు మీద ఆయన రిపోర్టు రాయకుండా ఆపొచ్చు అంటుంది, ఆమెకి మూడు నెలల దాకా సెలవు ఇవ్వొచ్చు అంటుంది. తీర్పు రాకముందే ఇదంతా. ఎవరూ దీన్ని అన్యాయం అనలేదు, ఎందుకంటే ఇది శిక్ష కాదు, విచారణ సక్రమంగా జరగడానికి చేసే ఏర్పాటు. విచారణ తొంభై రోజుల్లో ముగించాలని కూడా అందులోనే ఉంది.

మరి ఒక టీమ్ మేనేజర్ విషయంలో ఇంత జాగ్రత్త పడే దేశం మంత్రి విషయంలో ఏం చేస్తుంది? కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే ఒక గుమస్తాని పోలీసులు పట్టుకెళ్ళి 48 గంటలు దాటి కస్టడీలో ఉంచితే చాలు, సస్పెండ్ అయినట్టే లెక్క, 1965 నాటి సీసీఎస్ రూల్స్‌లో పదో రూల్ అది, ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోనక్కర్లేదు. ఆయనకి సగం జీతం లెక్కన సబ్సిస్టెన్స్ అలవెన్స్ ఇస్తారు, నిర్దోషి అని తేలితే వెనక్కి తీసుకుంటారు. గుమస్తా దగ్గర ఉండేది ఒక టేబులూ కొన్ని ఫైళ్ళూ. మంత్రి దగ్గర ఉండేది ఒక పేషీ, ఓఎస్డీ, పీఏలు, గన్‌మెన్లు, ఎస్పీకి నేరుగా ఫోన్ చేసే చనువు, ఏ స్టేషన్‌కి ఏ సీఐ రావాలో చెప్పగలిగే పలుకుబడి. ఆ సీఐ ముందు కూర్చునే ఆవిడ తన ఫిర్యాదు చెప్పాలి, ఆ సీఐనే వెళ్ళి మంత్రిగారిని ప్రశ్నించాలి. ఎవరో ఫోన్ చేసి బెదిరించక్కర్లేదు కూడా, ఆయన ఆ కుర్చీలో ఉన్నాడన్న సంగతి స్టేషన్‌లో అందరికీ తెలుసు, అది చాలు.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. ఉత్తరప్రదేశ్‌లో జరిగిన ఉన్నావ్ కేసు గుర్తు తెచ్చుకోండి. 2017 జూన్‌లో ఒక మైనర్ బాలిక మీద అత్యాచారం, ఆరోపణ అక్కడి ఎమ్మెల్యే కుల్‌దీప్ సింగ్ సెంగార్ మీద. నెలల తరబడి ఆ కుటుంబం తిరగని చోటు లేదు. 2018 ఏప్రిల్ 8న ఆ అమ్మాయి లక్నోలో ముఖ్యమంత్రి ఇంటి ముందు ఒంటికి నిప్పంటించుకోబోయింది, ఆ మర్నాడే ఆమె తండ్రి కస్టడీలో దెబ్బలతో చనిపోయాడు. దేశమంతా గగ్గోలు పెట్టాక సీబీఐ ఆ ఎమ్మెల్యేని అరెస్ట్ చేసింది, పార్టీ బహిష్కరించడానికి 2019 ఆగస్టు దాకా పట్టింది. 2019 డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు దోషిగా తేల్చి జీవిత ఖైదు వేసింది, తండ్రి మరణం కేసులో 2020లో ఇంకో పదేళ్ళు పడింది, అప్పీళ్ళు వేరే సంగతి. అరెస్టయి జైల్లో ఉన్న ఆ ఇరవై నెలలూ ఆయన ఎమ్మెల్యేనే. మంత్రి కూడా కాదు, ఒట్టి ఎమ్మెల్యే పదవి పక్కన ఉంటేనే ఒక పేద కుటుంబం మాట పోలీసులకి వినపడటానికి ఒంటి మీద నిప్పు పెట్టుకునే దాకా రావాల్సి వచ్చింది. చట్టం తన పని తాను చేసుకుపోతుంది అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ తండ్రే.

2023లో రెజ్లర్ల విషయం కూడా అంతే కదా. రెజ్లింగ్ ఫెడరేషన్ అధ్యక్షుడూ ఎంపీ అయిన బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మీద ఫిర్యాదు చేసిన వాళ్ళు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు, ఒలింపిక్ పతకాలు తెచ్చిన సాక్షి మలిక్, బజరంగ్ పునియా వాళ్ళకి తోడున్నారు, అయినా ఎఫ్ఐఆర్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆయన ఆరోపణలన్నీ ఖండించారు, కేసు కోర్టులో ఉంది, దాని మీద నేనేం చెప్పను. దేశమంతా ముఖం చూసి గుర్తుపట్టే క్రీడాకారులకే ఒక ఎఫ్ఐఆర్ అంత కష్టమైతే ఎవరికీ తెలియని కాంట్రాక్ట్ ఉద్యోగిని సంగతేంటి అన్నదే నా బాధ.

కాంట్రాక్ట్ ఉద్యోగిని అంటే ఇంకోటి చెప్పాలి. 2024 మేలో పశ్చిమ బెంగాల్ రాజ్‌భవన్‌లో పనిచేసే ఒకావిడ గవర్నర్ మీద ఫిర్యాదు చేసింది, ఆయన అదంతా అబద్ధమన్నారు. నిజమేంటో తేల్చే దారే లేకుండా పోయింది, ఎందుకంటే రాజ్యాంగం 361వ అధికరణం ప్రకారం గవర్నర్ పదవిలో ఉన్నంతకాలం ఆయన మీద క్రిమినల్ చర్యలు తీసుకోకూడదు. ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఇక్కడ కుర్చీ దిగకపోతే విచారణే మొదలవ్వదు, అంటే ఆయన నిర్దోషి అయితే ఆ సంగతి తేలే అవకాశం కూడా ఆ కుర్చీయే లేకుండా చేసింది. 2009 డిసెంబర్‌లో మన ఉమ్మడి రాష్ట్ర గవర్నర్‌గా ఉన్న ఎన్.డి. తివారీ టీవీలో వీడియో వచ్చిన తర్వాత ఆరోగ్యం బాగోలేదని రాజీనామా చేసి వెళ్ళిపోయారు. అనారోగ్యం అని కారణం రాసి వెళ్ళిపోవడం వల్ల జనానికి తెలిసిందేమీ లేదు, కుర్చీ ఖాళీ అయింది అంతే. దీని గురించి కింద మళ్ళీ చెప్తాను.

రాజీనామా చేస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని కొందరంటారు. 2018 అక్టోబర్‌లో విదేశాంగ సహాయ మంత్రి ఎం.జె. అక్బర్ మీద, ఆయన ఎడిటర్‌గా ఉన్న రోజుల్లోని ప్రవర్తన గురించి చాలామంది మహిళా జర్నలిస్టులు చెప్పారు. ఆయన అన్నీ అబద్ధాలన్నారు, వాళ్ళలో ఒకరైన ప్రియా రమణి మీద పరువు నష్టం కేసు వేశారు, వేసిన రెండు రోజులకి అక్టోబర్ 17న రాజీనామా చేశారు, వ్యక్తిగత హోదాలో కోర్టులో పోరాడతానన్నారు. ఆ పనిని నేను మెచ్చుకుంటాను, ముందే చెయ్యాల్సింది అనుకుంటాను కానీ చేశారు. మంత్రి హోదాతో ఒక జర్నలిస్ట్ మీద కేసు నడపడానికీ మామూలు మనిషిగా నడపడానికీ కోర్టు హాల్లో కూర్చున్న అందరికీ తేడా తెలుస్తుంది. రెండేళ్ళ పైన నడిచింది, 2021 ఫిబ్రవరి 17న రమణి నిర్దోషి అని తీర్పొచ్చింది, మహిళ గౌరవాన్ని పణంగా పెట్టి పరువు హక్కుని కాపాడలేం, ఎన్నేళ్ళ తర్వాతైనా ఆమె తన బాధ చెప్పుకోవచ్చు అంది కోర్టు. ఆయన పదవిలోనే ఉండి ఉంటే ఆ కేసు అలాగే నడిచేదా? నాకు నమ్మకం లేదు.

సరే, అవతలి వాదన. ఆరోపణ వస్తే చాలు దిగిపోవాలంటే ప్రత్యర్థులు రోజుకో ఆరోపణ పుట్టిస్తారు కదా అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. మలేషియాలో అన్వర్ ఇబ్రహీం ఉప ప్రధానిగా ఉండగా 1998 సెప్టెంబర్‌లో ప్రధాని మహతీర్‌తో చెడి పదవి పోయింది, తర్వాత స్వలింగ సంపర్కం కేసు పెట్టారు, తొమ్మిదేళ్ళ శిక్ష పడింది, 2004లో అక్కడి పై కోర్టు కొట్టేసింది. తర్వాత మళ్ళీ అలాంటి కేసే, మళ్ళీ జైలు, 2018లో క్షమాభిక్ష, 2022లో ఆయనే ప్రధాని. ఆరోపణని ఆయుధంగా వాడటం అంటే ఇలా ఉంటుంది. కానీ అక్కడ ఆ ఆయుధం ఎవరి చేతిలో ఉంది? పోలీసులూ ప్రాసిక్యూటర్లూ ఎవరి కింద ఉన్నారో వాళ్ళ చేతిలో. కుర్చీలో ఉన్నవాడు విచారణని తన మీదకి రాకుండా ఆపగలడు, ఎదుటివాడి మీదకి తోలగలడు కూడా. నా దృష్టిలో ఈ రెండింటికీ మందు ఒక్కటే, విచారణ చేసేవాళ్ళు కుర్చీలో ఉన్నవాళ్ళ కింద ఉండకూడదు.

బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో 2017 నవంబర్‌లో జరిగింది ఇంకా బాధాకరం. కార్ల్ సార్జెంట్ అనే మంత్రిని ఆరోపణలు వచ్చాయని పదవి నుంచి తీసేశారు, ఆ ఆరోపణలేంటో ఆయనకి వివరంగా చెప్పనే లేదు, నాలుగు రోజులకి ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ ఫిర్యాదులు నిజమో కాదో ఇంక ఎప్పటికీ ఎవరూ తేల్చలేరు, ఫిర్యాదు చేసినవాళ్ళకీ న్యాయం లేదు, ఆయన ఇంట్లోవాళ్ళకీ లేదు. తప్పుకోమనే హక్కు మనకుంటే, ఎందుకు తప్పుకోమంటున్నామో రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత కూడా మనదే. దీన్ని నేను చాలా గట్టిగా నమ్ముతాను. పదవి తీసేసి మనిషిని గాలికి వదిలేయడం న్యాయం కాదు.

ఇంక రాజీనామా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి, చాలాసార్లు రాజీనామాతో విచారణ చచ్చిపోతుంది. అమెరికాలో సెనేటర్ అల్ ఫ్రాంకెన్ మీద 2017 చివర్లో ఆరోపణలొచ్చాయి, సభ్యుల ప్రవర్తన మీద విచారణ చేసే సెనేట్ ఎథిక్స్ కమిటీని తన మీద విచారణ జరపనివ్వండని ఆయనే అన్నాడు, కానీ సొంత పార్టీ సెనేటర్లు ముప్పై మందికి పైగా దిగిపొమ్మనేసరికి డిసెంబర్ 7న రాజీనామా ప్రకటించాడు. మనిషి సెనేట్‌లో లేకపోతే సెనేట్ కమిటీకి పని లేదు, విచారణ అక్కడితో ఆగిపోయింది. రెండేళ్ళకి ఆ దిగిపొమ్మన్నవాళ్ళలోనే కొందరు తొందరపడ్డామన్నారు. అందులో ఏ ఆరోపణ ఎంతవరకు నిజమో అధికారికంగా తేలనే లేదు. దానికి పూర్తిగా వ్యతిరేకం అదే సెనేట్‌లో బాబ్ ప్యాక్‌వుడ్ కథ, ఆయన మీద ఆరోపణలు 1992 నవంబర్‌లో పేపర్లో వచ్చాయి, విచారణ దాదాపు మూడేళ్ళు నడిచింది, ఆ మధ్యలో 1995లో ఆయన ఫైనాన్స్ కమిటీ చైర్మన్ కూడా అయ్యాడు, చివరికి ఎథిక్స్ కమిటీ ఏకగ్రీవంగా బహిష్కరించాలని సిఫార్సు చేశాక కానీ రాజీనామా చెయ్యలేదు. ఒకచోట కుర్చీ పోయింది నిజం తేలలేదు, ఇంకోచోట నిజం తేలింది కానీ మూడేళ్ళు కుర్చీ పోలేదు. ఫిర్యాదు చేసినవాళ్ళ వైపు నుంచి చూస్తే రెండూ తప్పే.

న్యూయార్క్ గవర్నర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న ఆండ్రూ క్యూమో విషయం కొంచెం వేరు. ఆయన విచారణ జరుగుతుండగా దిగలేదు, ఆరోపణలు ఒప్పుకోలేదు, కానీ విచారణ జరిపించింది విడిగా ఎన్నికైన అటార్నీ జనరల్, అంటే ఆ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి, బయటి లాయర్లని పెట్టి 179 మందిని విచారించి 2021 ఆగస్టు 3న రిపోర్ట్ బయటపెట్టారు, పదకొండు మంది మహిళలు వేధింపులకి గురయ్యారని అందులో ఉంది. వారం తిరిగేసరికి రాజీనామా ప్రకటించాడు. అంటే విచారణ చేసేవాళ్ళు నిజంగా స్వతంత్రులైతే అయిదు నెలల్లో పని అవుతుంది. మన దగ్గర ముఖ్యమంత్రిని విచారించగలిగే, ఆయన కింద లేని సంస్థ ఏదో చెప్పండి, అప్పుడు నేను కూడా విచారణ అయ్యేదాకా ఆగుదాం అంటాను.

నాకు అన్నిటికన్నా సబబుగా అనిపించింది ఇజ్రాయెల్‌లో మొదట చేసిన పని. దేశాధ్యక్షుడు మోషె కత్సవ్ మీద అత్యాచారం అభియోగాలు పెట్టబోతున్నామని 2007 జనవరిలో అటార్నీ జనరల్ చెప్పగానే ఆయన తాత్కాలికంగా పదవి నుంచి పక్కకి జరిగారు, పార్లమెంట్ స్పీకర్ దలియా ఇత్సిక్ ఆ బాధ్యతలు చూశారు. తర్వాత రాజీనామా, మధ్యలో రాజీ ఒప్పందం, దాన్నుంచి ఆయనే వెనక్కి తగ్గడం, చివరికి 2010 డిసెంబర్‌లో దోషి అని తీర్పు, ఏడేళ్ళ జైలు. దేశాధ్యక్షుడు పక్కకి జరిగితే ఆ దేశం ఏమీ కూలిపోలేదు. మన దగ్గర ఒక శాఖ మంత్రి మూడు నెలలు పక్కకి జరిగితే ప్రభుత్వం పడిపోతుందన్నట్టు మాట్లాడతారు, ముఖ్యమంత్రి విదేశాలకి వెళ్తే ఇంకొకరు చూసుకోవట్లేదా?

హర్యానాలో క్రీడల మంత్రి సందీప్ సింగ్ మీద 2022 చివర్లో ఒక జూనియర్ కోచ్ ఫిర్యాదు చేసినప్పుడు ఆయన ఆరోపణ ఖండించి క్రీడల శాఖ వదిలేశారు, మిగతా శాఖలతో మంత్రిగా కొనసాగారు. శాఖ వదలడం మంచిదే, ఆ కోచ్ పనిచేసేది ఆ శాఖలోనే కాబట్టి. కానీ పోలీసులకి ఆయన అప్పటికీ మంత్రిగారే.

ఇప్పుడు 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు గురించి. అయిదేళ్ళు అంతకంటే ఎక్కువ శిక్ష పడే కేసులో అరెస్టయి ముప్పై రోజులు వరసగా కస్టడీలో ఉంటే ముప్పై ఒకటో రోజు మంత్రి పదవి పోతుందంటుంది ఆ బిల్లు. గుమస్తాకి 48 గంటలు, మంత్రికి ముప్పై రోజులు, సరే ఆ తేడా పక్కన పెడదాం. నా అభ్యంతరం వేరే, ఇది అరెస్టు మీద ఆధారపడింది. అరెస్ట్ చేసేది పోలీసులు, ఏజెన్సీలు. తమవాడైతే అరెస్టే ఉండదు, ఎదుటివాడైతే ముప్పై రోజులు బెయిల్ రాకుండా చూడటం పెద్ద కష్టమూ కాదు. ఉన్నావ్‌లో ఆ ఎమ్మెల్యే అరెస్టుకి ఎంతకాలం పట్టిందో చూశాం కదా, ఆ ఎమ్మెల్యే మంత్రి అయ్యుంటే ఈ చట్టం ఆ పది నెలలూ చూస్తూ కూర్చునేది. అందుకే గీత అరెస్టు దగ్గర కాదు, ఫిర్యాదు దగ్గర గియ్యాలి. పేరు లేని ట్వీట్ కాదు, ఎవరో పంపిన వీడియో కాదు, ఒక మహిళ తన పేరుతో ఇచ్చిన ఫిర్యాదు, మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలం. అబద్ధమైతే తన మీదే కేసవుతుందని తెలిసి, ఊళ్ళో పేరు పోతుందని తెలిసి కూడా సంతకం పెట్టిందంటే ఆ సంతకానికి అంత బరువు ఇవ్వాలి.

ఎమ్మెల్యే, ఎంపీ సీటు సంగతి వేరు అని నేను ఒప్పుకుంటాను. అది ముఖ్యమంత్రి ఇచ్చింది కాదు, ఓటర్లు ఇచ్చింది, ఒక్క ఫిర్యాదుతో లక్షల ఓట్లు రద్దు చెయ్యమనను. ప్రస్తుతం మన చట్టంలో, కొన్ని నేరాలు మినహాయిస్తే, రెండేళ్ళు అంతకంటే ఎక్కువ శిక్ష పడితేనే సభ్యత్వం పోతుంది, 2013లో లిల్లీ థామస్ కేసు తీర్పు తర్వాత వెంటనే పోతుంది. లా కమిషన్ 2014లో ఇచ్చిన 244వ రిపోర్టులో, అయిదేళ్ళు అంతకంటే ఎక్కువ శిక్షకి అవకాశమున్న కేసుల్లో కోర్టు అభియోగాలు నమోదు చేసే దశలోనే అనర్హత రావాలంది. అక్కడికి వచ్చేసరికి ఒక జడ్జి సాక్ష్యాలు చూసి విచారించదగ్గ కేసే అని తేల్చి ఉంటాడు. 2018లో సుప్రీంకోర్టు ఆ పని మేము చెయ్యలేం, పార్లమెంటే చట్టం చెయ్యాలి అంది. ఇప్పటిదాకా చెయ్యలేదు. బ్రిటన్‌లో సభ నుంచి పది సిట్టింగ్ రోజులు సస్పెండైన ఎంపీ మీద నియోజకవర్గంలో పది శాతం మంది సంతకాలు పెడితే ఉప ఎన్నికే, 2015 చట్టం అది. మన ఓటరుకి అయిదేళ్ళు చూస్తూ ఉండటం తప్ప దారి లేదు.

పార్టీలు తామే ఏదో చేస్తాయన్న ఆశ నాకు లేదు. పార్టీ కార్యకర్తలకి పోష్ చట్టం వర్తించదు, ఉద్యోగీ యజమానీ సంబంధం లేదు కాబట్టి ఇంటర్నల్ కమిటీ పెట్టక్కర్లేదని 2022లో కేరళ హైకోర్టు అంది, 2025లో సుప్రీంకోర్టు కూడా పార్టీలని దాని కిందకి తేవడానికి ఒప్పుకోలేదు. జెండా మోసే అమ్మాయికి పార్టీ ఆఫీసులో ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి పెద్దాయన గది తప్ప ఇంకో గది లేదు, చాలాసార్లు ఆ పెద్దాయన మీదే ఫిర్యాదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఫిర్యాదు నమోదైన రోజే మంత్రి శాఖలన్నీ ముఖ్యమంత్రి వెనక్కి తీసుకోవాలి, ముఖ్యమంత్రి మీదే అయితే ఆయన బాధ్యతలు ఇంకో మంత్రికి వెళ్ళాలి, జీతం ఇల్లు ఏదీ తీసేయక్కర్లేదు. ఆరోపణ ఏంటో కాగితం మీద ఆయన చేతికివ్వాలి. విచారణ హైకోర్టు పర్యవేక్షణలో వేరే రాష్ట్రం అధికారులు చెయ్యాలి, తొంభై రోజులు గడువు, మధ్యలో ఆయన పూర్తిగా రాజీనామా చేసి వెళ్ళిపోయినా విచారణ ఆగకూడదు. ఆవిడ పేరూ ఆనవాళ్ళూ తీసేసి రిపోర్టు సభలో పెట్టాలి. తొంభై రోజుల్లో అవ్వకపోతే ఎందుకు అవ్వలేదో కూడా సభలోనే చెప్పాలి. ఆయన తప్పు లేదని తేలితే ఆ వారంలోనే అదే శాఖ తిరిగి ఇవ్వాలి, పార్టీలో ఎవరికి ఇష్టం లేకపోయినా సరే.